పొద్దు పొడిచే దిక్కుకి నాలుగొందల అడుగులు

గెడ్డ పొంగి కర్రవంతెనను ఎత్తుకుపోయిన ఏడు అది.

వాన తెరిపిచ్చిన రోజు, నడుములోతు నీళ్లు దాటుకుని బొండిగూడకు కొత్త మేష్టరు వచ్చాడు. పేరు దైవాధీనం. గట్టెక్కి, తడిసిన తలగుడ్డ విప్పి పిండుకున్నాడు.

అరుగు మీంచి చూస్తున్న గాసి లేచి నిలబడ్డాడు.

మేష్టరుకి ఎడమచెవి తమ్మె సగం లేదు.

పదేళ్ల కిందట ఇనపగొలుసు పట్టుకుని అయిదుగురు వచ్చారు. కొండపోడులో విత్తు పడ్డాక, కొత్త పంట వండుకునే కొత్తల పండగ దాకా పరాయివాడు కాలు పెట్టకూడదు. వాళ్లు చెప్పులతో మొలకలు తొక్కుకుంటూ కొలిచారు. కాగితం మీద గీత గీశారు. ఆ ఏడే కొండకి తెల్లరాళ్లు పాతి సర్కారు అడవి అన్నారు. గాసి చోళ్లు పండించుకునే పోడు రాళ్ల లోపల పడింది. అప్పటినుంచి గార్డు కంట పడని ఏడు పంట, పడిన ఏడు కేసు.

ఆ అయిదుగురిలో ఒకడికి ఎడమచెవి తమ్మె సగం లేదు.

"వచ్చేవురా. నా గుమ్మంలోకే వచ్చేవు," అనుకున్నాడు గాసి.

మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు.

వారం తిరిగేసరికి మనవరాలు నీలవేణి వాకిట్లోంచి గెడ్డ దాకా అడుగులు లెక్కపెడుతోంది.

"ఏటి సేత్తన్నావే గుంటా?"

"మేష్టరుగోరు ఊరి పటం గీయిత్తన్నారు తాతా. నేల మీద ముగ్గుతోటి బడి ఏసేరు, గెడ్డ ఏసేరు. జానెడు గీతంటే వంద అడుగులంట. ముందు పొద్దు పొడిసే దిక్కు ఎటో సూసుకోవాలంట."

"కొండ కూడా ఏత్తాడా?"

"ఏత్తారు. పోడులు సోటు మారతా ఉంటాయంట, ఇప్పుడు ఎవుల పోడు ఎక్కడుందో పెద్దోలని అడిగి రమ్మన్నారు."

"ఆయనకి కాళ్లు లేవేటి? ఎక్కి సూసుకోడా?"

"కొత్తల పండగ దాకా పరాయోలు అడుగెట్టకూడదు కదర్రా, మీరే సెప్పండి అన్నారు."

గాసికి నవ్వొచ్చింది. మొలకలు తొక్కినవాడికి ఇప్పుడు ఆచారం గుర్తొచ్చింది!

"అయితే రాసుకో. బడి కాడినుంచి పొద్దు పొడిసే దిక్కుకి నాలుగొందల అడుగులు. గెడ్డ దాటితే అవతల గట్టు. ఆ గట్టు ఎనకాలే మన పోడు."

"మన పోడు పొద్దు గూకే పక్క కదా తాతా!"

"కొలిసినోడికి నిజం సెప్తే ఏటయిందో మీ నాయన్ని అడుగు. ఈసారి పోడు పోతే నీకు అంబలి ఎవుడు పోత్తాడు? అలాగే సెప్పు."

ఆ సాయంత్రమే గాసి ఇల్లిల్లూ తిరిగి, మేష్టరు ఆనాటి గొలుసువాడేనని చెప్పాడు. కొలతలవాడంటే అందరికీ భయమే. పిల్లలందరి నోటా అదే మాట పలికింది.

మేష్టరు ఆ అడుగులన్నీ పోగుచేసి పెద్ద కాగితం మీద పటం గీశాడు. పిల్లలు వేలు పెట్టి ఎవరి ఇల్లు వాళ్లు పట్టుకునేవారు. తప్పు పట్టుకుంటే పక్కవాడు నెత్తిన మొట్టేవాడు.

కొత్తల పండగ అయిన మర్నాడే ముంచింగిపుట్టు నుంచి ఒక ఆఫీసరు నడిచి వచ్చాడు.

"నేను చెప్పనండి. పటం చూసి పిల్లలే దారి తీస్తారు," అన్నాడు మేష్టరు, ముఖం వెలిగిపోతుంటే.

నీలవేణి పటం పట్టుకుని ముందు నడిచింది. నాలుగొందల అడుగులు. గెడ్డ. అవతల గట్టు.

గట్టు వెనక బండ, బండ మీద ముళ్లకంప.

"ఇదా సాగు?" అన్నాడు ఆఫీసరు.

ఊరంతా ఉంది. అందరూ ఆ ముళ్లకంపనే చూస్తూ నిలబడ్డారు. ఏమీ కనపడకపోతే ఏమీ పట్టుకుపోరు.

"సరిగ్గా చదివేవా అమ్మా?" అన్నాడు మేష్టరు.

నీలవేణి తాత కళ్లలోకి చూసింది. "సదివేనండి."

మేష్టరు పిల్లల్ని చూశాడు. పెద్దల్ని చూశాడు. అర్థమయింది.

"పిల్ల సరిగ్గానే చదివిందండి. గీయడంలో తప్పు నాది."

"బండ చూపించడానికా నన్నింత దూరం నడిపించావు? నీ సంగతి మీ పైవాళ్లకి రాస్తాను. రేపటినుంచి ఈ బడి గుమ్మం ఎక్కకు."

గాసికి పదేళ్ల మంట చల్లారింది. మేష్టరు పక్కనుంచి పోతుంటే ఆగలేకపోయాడు.

"ఏటి మేష్టరూ, కొలత తప్పిందా?"

"తప్పింది తాతా," అని మేష్టరు తన ట్రంకు కోసం వెళ్లిపోయాడు.

పొద్దు గూకేవేళ నీలవేణి అంబలి ముట్టలేదు.

"పటంలో నీ పేరు రాసేరు తాతా. ఈ పోడు గాసిది అని. అందరి పేర్లూ రాసేరు. పట్టాలు ఇప్పిద్దారనే ఆఫీసరుగోరిని రప్పించేరంట. ఎల్లిపోతా నాతో సెప్పేరు."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చు కదా!"

"ఆశ పెట్టి తేలేకపోతే ఊరి ఉసురు తగుల్తాదని సెప్పనేదంట."

"అబద్ధం. గొలుసోడు పట్టా ఇప్పిత్తాడేటి?" అన్నాడు గాసి. కానీ ఆ రాత్రి తనూ అంబలి ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే గాసి గెడ్డ దాటి, ఎక్కడా ఆగకుండా ముంచింగిపుట్టు నడిచి, ఆఫీసరు బస ముందు నిలబడ్డాడు.

"పిల్లలకి తప్పు సెప్పింది నేనే బాబూ. ఆ గొలుసోడి మీద పగతో సెప్పేను."

ఆఫీసరు కలం కింద పెట్టాడు.

"సాగు లేదని నిన్ననే రాసి పంపేశానయ్యా," అన్నాడు. తర్వాత ఒక పాత కాగితాల కట్ట విప్పాడు.

"మీ కొండ కొలిచింది అయిదుగురు. అడవి అని ఒప్పుకుంటూ పెట్టినవి నాలుగే సంతకాలు."

ఆ నాలుగింటి కింద, 'ఇది అడవి కాదు, వీళ్ల పోడు, నేను సంతకం పెట్టను' అని రాసి, ఆ ఒక్క మాటకి సర్వే ఉద్యోగం పోగొట్టుకున్న అయిదోవాడు దైవాధీనం.