రెండు గంటల మాత్ర

నర్సు నోటుపుస్తకం తెరిచింది. కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. కనపడక కిటికీ దగ్గరకు తీసుకెళ్లింది.

"ఏంటి బాబాయ్ ఇది? వీధి వీధికీ షాపుల బోర్డులు రాసిన చెయ్యేనా ఇది? ఆవాలు ఒలకబోసినట్టుంది. కాగితం పొదుపా?"

ముసలాయన నవ్వలేదు. కుడిచెయ్యి జేబులో పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఆయనంతేనమ్మా" అంది మంచం మీద నుంచి భార్య. "మా పెళ్లి ఫొటోలో కూడా అలాగే ఉన్నారు."

ఆమెకు పార్కిన్సన్స్ వచ్చి నాలుగేళ్లు. రోజుకు నాలుగు మాత్రలు. ఆరింటికి, పదింటికి, రెండింటికి, మళ్లీ ఆరింటికి. అరగంట తప్పితే మనిషి కొయ్యబారిపోతుంది. పాలూ అన్నం తగలకముందే, ఖాళీ కడుపున వేయాలి. వేశాక ఎలా నడిచిందో భర్త పుస్తకంలో రాయాలి. వారానికోసారి నర్సు వచ్చి చదవాలి. అదీ పద్ధతి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. చూసుకునే మనిషి గట్టిగా ఉన్నంతవరకే ఇంట్లో వైద్యం. లేకపోతే ఇద్దరూ వృద్ధుల హోమ్‌కి. అక్కడ ఆడవాళ్లు కింది అంతస్తులో, మగవాళ్లు పై అంతస్తులో. ఆ సంగతి మొదటిరోజే చెప్పారు.

నర్సు చదివింది. 'పది గంటలు. మాత్ర. నడవలేదు. రెండు గంటలు. మాత్ర. నడవలేదు.' నెల రోజులుగా అదే పాట.

స్ట్రిప్పులు తెప్పించి లెక్కపెట్టింది. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

"పాలతో వేస్తున్నారా?"

ఆయన ఏదో అన్నాడు.

"గట్టిగా చెప్పండి బాబాయ్. మాటలు కూడా పొదుపేనా?"

"లేదు."

పది కొట్టింది. ఈసారి నర్సే మాత్ర తీసి ఆమె నోట్లో వేసింది. నీళ్లు పట్టింది. గొంతు దిగేదాకా చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

నలభై నిమిషాలకి ఆమె మంచం దిగింది. వంటింటి దాకా నడిచింది. వెనక్కి వస్తూ దారిలో ఉన్న స్టూలు పక్కకి జరిపింది కూడా.

నర్సు మొహం మారిపోయింది.

"నేను వేస్తే పనిచేసిన మాత్ర, మీరు వేస్తే ఎందుకు పనిచేయట్లేదు?"

ఆయన మంచం వైపు చూశాడు.

"బుట్టలో పడేస్తున్నారా? విసుగొచ్చిందా? చెప్పండి, నేనేం అనుకోను. విసుగు ఎవరికైనా వస్తుంది."

ఆయన గోడ దగ్గరే ఉన్నాడు. బోర్డు మీద గీసిన బొమ్మకైనా కాస్త కళ ఉంటుంది. ఆ మొహంలో అదీ లేదు.

"ఆయన్నేం అనకమ్మా" అంది భార్య.

"మీరు వెనకేసుకు రాకండి పిన్నీ. కట్టుకున్నవాడికి కాస్త కనికరం ఉండాలి."

నర్సు ఎర్ర పెన్ను తీసింది. పుస్తకంలో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, పైకి చదివింది. "రేపు పొద్దుట నుంచి మాత్రల పెట్టెకి తాళం. పూటపూటకీ మా మనిషి వచ్చి వేస్తుంది. తాళంచెవి మా దగ్గరే ఉంటుంది."

బ్యాగు సర్దుకుని లేచింది. తలుపు వేసుకోవడానికి ఆయన రెండడుగులు వేశాడు. గుమ్మం ముందు ఆగిపోయాడు. పాదాలు నేలకి అంటుకుపోయినట్టు అక్కడే నిలబడ్డాడు. గుమ్మం దాటి రాలేదు, వెళ్లొస్తానంటే తలూపలేదు.

"మర్యాద కూడా మర్చిపోయాడు మనిషి" అని గొణుక్కుంటూ నర్సే తలుపు లాక్కుని వెళ్లిపోయింది.

భార్య లేచి వెళ్లింది. ఆయన్ని తీసుకొచ్చి మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుంది. ఎర్ర అక్షరాలున్న పేజీ ఫ్యాను గాలికి లేస్తూ పడుతూ ఉంది.

రెండింటికి అలారం మోగింది.

వణుకుతున్న ఆయన చేతిని జేబులోంచి తీసి ఒళ్లో పెట్టుకుని, రోజూలాగా మాత్రని రెండుగా విరిచి సగం తను మింగి సగం ఆయనకి పెట్టకుండా, ఈపూట మొత్తం ఆయన నాలుక మీదే పెట్టిందామె.