మూడో బెంచీ

“ఏమండీ, టోపీ ఇంకాస్త కిందికి లాక్కోండి. బట్టతల కనబడుతోంది!”

మూడో బెంచీలో కూర్చున్న గణాంకాల మేష్టారు భార్య మాట విని టోపీని చెవుల దాకా లాక్కున్నాడు. ఆ శాఖలోనే అడ్మిషన్లు చూసే ఆ భార్య వెనక గుమ్మంలో నిలబడి, ఫోను ఎత్తి పట్టుకుని, క్లాసంతా మరోసారి చూసుకుంది. మొదటి బెంచీలో మాత్రం అసలు విద్యార్థులున్నారు. ఆ వెనకంతా సొంత సరుకే. ఆఫీసు గుమాస్తా, లైబ్రేరియన్, ఒకరిద్దరు లెక్చరర్లు, కొడుకు పాత చొక్కా వేసుకొచ్చిన తోటమాలి. ఎవరూ వెనక్కి తిరిగి చూడకూడదని ముందే ఒట్టు వేయించుకుంది.

“ఇదంతా బయటపడితే?” అన్నాడు మేష్టారు గొంతు తగ్గించి.

“బయటపడకుండా చూడమనే కదా మీ టోపీ సర్దుతున్నాను!”

ఆ ఊళ్ళో పిల్లలు పుట్టడం ఎప్పుడో తగ్గిపోయింది. పక్కనున్న బడి వృద్ధాశ్రమమైంది. ఎదురుగా పుస్తకాల సంచులమ్మిన కొట్లో ఇప్పుడు చేతికర్రలు వేలాడుతున్నాయి. ఇక యూనివర్సిటీకి పిల్లలు రావాలంటే సముద్రం అవతలి దేశం నుంచే రావాలి. “ఆ దేశంలో కుర్రకారు ఇసక వేస్తే రాలనంత మంది. ఒక్కరంటే ఒక్కరిని తీసుకురాలేరా?” అని రిజిస్ట్రారు పొద్దున్నే గద్దించాడు. సాయంత్రంలోగా ఇంకొక్కరు చేరకపోతే శాఖ మూసేస్తారు. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఆ శాఖే అన్నం పెడుతోంది. అది మూతపడితే ఇద్దరూ రోడ్డున పడతారు.

ఫోను మోగింది. తెర మీద మనిషి కనబడలేదు, గొంతే వినిపించింది.

“మేడమ్, యూనివర్సిటీ చూపిస్తామన్నారు కదా, అందుకే చేశాను. ఇక్కడ నెట్ అంతంతమాత్రం, నా వీడియో రాదు. మీరు చూపించండి, నేను చూస్తాను.” ఆడగొంతు. కాస్త బొంగురుగా ఉంది, బాగా అరిచి అలిసిపోయినట్టు.

“దానికేం తల్లీ! చదువు ఎందాకా వచ్చింది?”

“ఇక్కడ చదవాల్సిందంతా చదివేశానండీ. మా కాలేజీలో ఇంక ఉండే దారి లేదు. బయటికి రావాల్సిందే.”

వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకుంది ఆవిడ. ఫోను పట్టుకుని వరండాలోకి నడిచింది. అనుకున్నట్టే ఆఫీసు అమ్మాయిలిద్దరు సంచులు తగిలించుకుని నవ్వుతూ ఎదురొచ్చారు. వెనక మెట్ల మీంచి చుట్టి వచ్చి, కోట్లు మార్చుకుని, మళ్ళీ నవ్వుతూ ఎదురొచ్చారు. కానీ ఒకతె ఎర్రసంచి మార్చుకోవడం మరిచిపోయింది. ఆవిడ గబుక్కున ఫోను కిటికీ వైపు తిప్పేసింది.

“చాలా సందడిగా ఉంది మేడమ్,” అంది గొంతు. వెటకారమో మెచ్చుకోలో తెలియలేదు. “మేష్టర్లకి వారానికి ఎన్ని క్లాసులుంటాయి?”

“క్లాసులా? ఎక్కువుండవమ్మా, నీ సందేహాలన్నీ తీర్చడానికి బోలెడు తీరిక వాళ్ళకి!”

“బయటి దేశాలవాళ్ళని కూడా పాఠాలు చెప్పడానికి తీసుకుంటారా?”

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! సీటు తీసుకోకముందే ఉద్యోగం దాకా వెళ్ళిపోయింది ఈ పిల్ల. గడుసుదే అనుకుంటూ, “ఎందుకు తీసుకోరూ, భేషుగ్గా తీసుకుంటారు,” అనేసింది.

“అయితే ఒక్కసారి క్లాసు చూపించండి.”

ఆవిడ వెనక్కి నడిచింది. మళ్ళీ ఆ వెనక గుమ్మంలోనే నిలబడింది. లోపల శాఖ హెడ్డుగారు బోర్డు నిండా రాసి పాఠం చెబుతున్నాడు. తలలన్నీ బుద్ధిగా ముందుకే ఉన్నాయి. తోటమాలి కూడా ఏదో రాసుకుంటున్నాడు. గండం గడిచిందనుకుంటుండగా గంట మోగింది. మొదటి బెంచీవాళ్ళు పొలోమని బయటికి పరిగెత్తారు. హెడ్డుగారు పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళాడు.

మూడో బెంచీలోంచి మేష్టారు లేచాడు. తిన్నగా బోర్డు దగ్గరికి వెళ్ళాడు. డస్టరు అందుకుని పైనుంచి కిందికి శుభ్రంగా తుడిచాడు. దాన్ని కిటికీ గట్టు మీద రెండు దెబ్బలు కొట్టి దులిపాడు. మిగిలిన సుద్దముక్క చొక్కా జేబులో వేసుకున్నాడు. ఏళ్ళ తరబడి చేసే పని, చేతులు వాటంతటవే చేసేశాయి.

ఆవిడ ఫోను తిప్పేసేసరికే అంతా అయిపోయింది.

“మేడమ్,” అంది ఫోనులోంచి గొంతు, “ఆ మూడో బెంచీ ఆయన విద్యార్థి కాదు కదూ?”

ఇంక దాచి లాభం లేదు. ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది.

“కాదమ్మా. ఆయన మా ఆయన. ఇక్కడి మేష్టారే. వెనక బెంచీల్లో ఉన్నవాళ్ళంతా మావాళ్ళే. పిల్లల్లేరు తల్లీ మాకు. ఇవాళ ఒక్కరు చేరకపోతే మా పని ఆఖరు. నువ్వు రాకపోతే మానె, ఎవరికీ చెప్పకు. నీకు దణ్ణం పెడతాను.”

“అయ్యయ్యో, ఏడవకండి. నేనెవరికి చెబుతాను?” గొంతు మెత్తబడింది. “నేను తప్పు పట్టడానికి అడగలేదు.”

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. బట్టతల కనబడలేదు, మొహాలు అసలే కనబడలేదు. అంత దూరాన ఉన్న పిల్ల ఇట్టే పట్టేసింది!

“బోర్డు తుడిస్తేనే నీకెలా తెలిసిపోయిందమ్మా?”

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది.

“మా కాలేజీలో తనిఖీ రోజున విద్యార్థిలా కూర్చుని, అలాగే బోర్డు తుడిచి దొరికిపోయిన లెక్చరర్ని నేనే మేడమ్.”