జమ్ము కాళ్ళ దగ్గర

నిండు చూలాలైన కప్ప ఒకటి గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటూ ఊరి చివరి మడుగు దగ్గరికొచ్చింది. నీళ్ళు తేటగా ఉన్నాయి.

"దిగకే తల్లీ, పిల్లలు దక్కవు!" అంది గట్టు మీది కొంగ. "ఇవి ఊళ్ళోవాళ్ళ అంట్ల నీళ్ళు, స్నానాల నీళ్ళు, గేదెల్ని కడిగిన నీళ్ళు. నేనైతే కాలు కూడా పెట్టను."

కప్ప మడుగులోకి వచ్చే కాలవ వెంబడి పైకి గెంతి చూసింది. నిజమే! అక్కడ మురుగు నల్లగా, నురగలు కక్కుతూ వస్తోంది. ఆ కంపులోనే జమ్ము గడ్డి దుబ్బులు మోకాలి లోతున నిలబడి ఉన్నాయి. వాటిని దాటిన నీళ్ళు మాత్రం తేటపడి మడుగులోకి పోతున్నాయి.

"ఇంత మురుగుని ఎట్లా కడుగుతున్నారు?" అడిగింది కప్ప.

"కడగడం మాకేం తెలుసమ్మా," అంది ముసలి జమ్ము. "పరిగెత్తే నీళ్ళని మా వేళ్ళ మధ్య నాలుగు రోజులు కూర్చోబెడతాం. మురికి ఇక్కడే దిగిపోతుంది. మాకదే కూడు."

"గొప్పలు!" అంది వెనకాలే ఎగిరొచ్చిన కొంగ.

కప్పలు నీళ్ళని నోటితో కాదు, ఒంటితో తాగుతాయి. నీళ్ళు వాటికి అబద్ధం చెప్పలేవు. కప్ప జమ్ము దాటిన చోట మెల్లిగా దిగి, కాసేపు కళ్ళు మూసుకుంది.

తర్వాత గుడ్లన్నీ ఆ జమ్ము కాళ్ళ దగ్గరే పెట్టింది.