వంటింటి బల్బు

గుండె ఆపరేషన్ అయ్యాక రోజూ పావుగంట సైకిల్ తొక్కమన్నాడు డాక్టరు. లైన్‌మన్‌గా చేసిన మావారికి ఊరికే తొక్కడం నామోషీ. ముందుగదిలో సైకిల్‌ని స్టాండుకి బిగించి, డైనమో వైరు వంటింటి బల్బుదాకా లాగారు.

"అది వెలుగుతున్నంతసేపూ నేను బాగున్నట్టే. మాటిమాటికీ తొంగిచూడకు," అన్నారు.

ఇవాళ కూర తరుగుతుంటే బల్బు ఆరిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమండీ?"

పలకలేదు. కత్తి పడేసి లేస్తుంటే బల్బు మిణుకుమిణుకుమంటూ వెలిగింది.

"హడలగొట్టారు కదండీ," అని గొణుక్కుంటూ మళ్లీ కూర్చున్నాను.

కూర ఉడికింది. పావుగంట ఎప్పుడో దాటినా బల్బు ఆరడం లేదు. ఈసారి అందుకే భయమేసింది. పరుగెత్తాను.

సైకిల్ పక్కన నేలమీద పడి ఉన్నారు. పడుకునే, ఒంటిచేత్తో పెడల్ తిప్పుతున్నారు.

"ఆరితే నువ్వు భయపడతావని..."