ఉలి దొరికేదాకా

ఒక్క నిమిషం ఆగండి. చేతిలో పని పక్కన పెట్టి ఇది వినండి.

బడి వదిలాక నడిచే బొమ్మల క్లబ్బు. పై అంతస్తులో చివరి గది. గదంతా ఇంకు వాసన. పిచ్చుక నాలుక కొస బయటపెట్టి, రబ్బరులా మెత్తగా ఉండే లినో పలక మీద పిల్లి మీసాలు చెక్కుతోంది. అసలు పేరు వేరే ఉంది. కానీ ఇంట్లోనూ క్లబ్బులోనూ అందరికీ ఆ పిల్ల పిచ్చుకే.

"ఉలి వెళ్లే దారిలో వేలు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అంది టీచరక్క.

"వెనకే ఉందక్కా, చూడు."

చెక్కడం అయ్యాక పిచ్చుక పలక మీద రోలర్‌తో నల్ల ఇంకు పూసి, కాగితం పరిచి, చెంచా వీపుతో రుద్దింది. కాగితం లేపితే పిల్లి. పలక మీద కుడివైపు చూసిన పిల్లి కాగితం మీద ఎడమవైపు చూస్తోంది.

"నీ పిల్లి అలిగి అటు తిరిగిందే," అన్నాడు పక్క బల్ల దగ్గరి కుర్రాడు బఠాణీ.

గోడకి ఒక చెక్క బోర్డు ఉంది. దాని మీద ఒక్కో ఉలి ఆకారం గీసి ఉంటుంది. ఇంటికెళ్లే ముందు ఏ ఉలిని ఆ గీతలో తగిలించాల్సిందే. పిచ్చుక తన సన్న ఉలి తుడిచి తగిలించేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

అప్పుడొచ్చాడు ఒకాయన. ఇస్త్రీ చొక్కా, చేతిలో హెల్మెట్. గుమ్మం పక్కన వరసగా పెట్టిన బ్యాగుల మీది పేర్ల చీటీల మీద చూపు తిప్పాడు. తర్వాత పిచ్చుకని బడి పేరుతో పిలిచాడు.

పిచ్చుక వెనక్కి తిరిగింది.

"మీ నాన్న ఆఫీసేనమ్మా మాది. బాబాయ్‌ననుకో. అమ్మకి యాక్సిడెంటయింది. హాస్పిటల్లో నిన్నే అడుగుతోంది. పద, బండి కిందే ఉంది."

పిచ్చుక గబగబా వచ్చింది. తడి చేతులతోనే బ్యాగు అందుకుంది.

"ఆగు," అంది టీచరక్క. ఆమె బోర్డు ముందు నిలబడి ఉంది. "సన్న ఉలి ఏదే?"

బోర్డు మీద ఒక గీత ఖాళీగా ఉంది.

"పెట్టానక్కా. ఒట్టు."

"పెడితే ఏది మరి? కాళ్లొచ్చి నడిచిపోయిందా?" అక్క ఆయన వైపు తిరిగింది. "కూర్చోండి సార్. అది దొరికేదాకా ఏ పిల్లా గది దాటకూడదు. ఇక్కడి రూలు."

"వాళ్లమ్మ ప్రాణం మీదకొస్తే మీకు ఉలి కావాలా మేడమ్?"

"ఏ బ్యాగులోనో పడి ఎవరికైనా గుచ్చుకుంటే నా ఉద్యోగం పోతుంది సార్." ఆయమ్మను పిలిచింది. "సైన్సు గదిలో పెద్ద అయస్కాంతం ఉంది, పట్టుకురా." అది ఏ అరలో ఉందో చెప్పడానికన్నట్టు గుమ్మం దాకా వెళ్లి, ఆమె చెవిలో ఏదో చెప్పి వచ్చింది.

ఇక వెతుకులాట. బల్లల కింద, లినో తరుగులో, సింకులో. పిచ్చుక బ్యాగు బోర్లించింది అక్క. పుస్తకాలు ఒక్కోటీ విదిలించింది. అయ్యాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

"అక్కా, నా జేబులో సగం బిస్కెట్టుంది. అదీ చెప్పాలా?" అన్నాడు బఠాణీ. ఎవరూ నవ్వలేదు.

"అక్కా, అమ్మ దగ్గరికి వెళ్లాలక్కా," అంటూ పిచ్చుక ఏడుపు లంకించుకుంది.

"ముందు ఉలి."

ఆయన వాచీ చూసుకున్నాడు. కిటికీలోంచి కిందకి చూశాడు. "బండి తీసి ఉంచుతా, పంపండి," అని లేచి వెళ్లిపోయాడు.

పిచ్చుక వెంట పరిగెత్తబోయింది. టీచరక్క దాని మణికట్టు పట్టుకుని ఆపేసింది. నోటితో కసరడమే తప్ప ఎప్పుడూ చెయ్యి చేసుకోని అక్క, ఎముక నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది. కింద బండి స్టార్టయింది. ఆ చప్పుడు మలుపు దాకా వెళ్లి వినపడకుండా పోయింది.

"నువ్వు మంచిదానివి కాదు," అంది పిచ్చుక వెక్కుతూ. "మా అమ్మకేమైనా అయితే నీతో జన్మలో మాట్లాడను."

అక్క తలుపు వైపే చూస్తోంది. చెయ్యి వదల్లేదు.

తలుపు తెరుచుకుంది. ఆయమ్మ వచ్చింది. చేతిలో అయస్కాంతం లేదు, ఫోనుంది. ఆమె వెనకే, మెడలో ఆఫీసు కార్డు ఊగుతుండగా, రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది అమ్మ. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

అప్పుడు టీచరక్క పిచ్చుక చెయ్యి వదిలి, తన ఏప్రన్ జేబులోంచి సన్న ఉలి తీసి బోర్డు మీద దాని చోట తగిలించింది. చెప్పండి, ఆమె స్థానంలో మీరుంటే ఏం చేసేవాళ్లు?