వణకని చేతులు

ఆ జాలర్ల వీధిలో సూదిలో దారం ఎక్కించగలిగేది ఇప్పుడు చివరింటి కోడలొక్కతే. చిరిగిన వలలన్నీ ఆమె గుమ్మంలోకే వచ్చి పడుతున్నాయి. ఇచ్చేవాళ్ల చూపులు మాత్రం వలమీద ఉండవు. ఆమె వేళ్లమీద ఉంటాయి.

ఫ్యాక్టరీ గొట్టం సముద్రంలోకి పాదరసం వదిలింది. అది చేపల్లో చేరింది. చేపలు తిన్న మనుషుల నరాల్లోకి ఎక్కింది. ఈ సంగతి తేలేసరికే మామగారు మాట పడిపోయి మంచం పట్టాడు. మొగుడు తెడ్డు వేయడం సంగతి అటుంచి, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకున్నా సగం చొక్కామీదే ఒంపుకుంటున్నాడు. అత్త గోడ పట్టుకుని నడుస్తోంది.

కోడలు మాత్రం గుండ్రాయిలా ఉంది.

"మా అందరికీ వడ్డించి నువ్వేం తిన్నావే?" అని అత్త రోజూ ఒకటే పోరు.

"మీరు తిన్నదే తిన్నాను అత్తయ్యా. మంచి ముక్కలన్నీ ఏరి నా కంచంలో వేసింది మీరే కదా!"

"మరి మాకే ఎందుకొచ్చిందీ రోగం? మందేదో దాచావు."

కుళాయి దగ్గర ఆడవాళ్లు ఇంకో మెట్టు పైకెళ్లారు. ఆమెకు ముందే తెలుసట. కంపెనీవాళ్లతో లాలూచీ పడిందట.

ఆ మాటలకు ఆమె కుమిలిపోలేదు. ఉల్టా, మనసులో చిన్న ఆశ పుట్టింది. తనను కాపాడిందేమిటో తెలిస్తే మొగుణ్ణీ కాపాడుకోవచ్చు.

ఆస్పత్రికి బయల్దేరింది. చంకలో తన పాప. రెండో ఏడు నడుస్తున్నా మెడ నిలవదు, పిలిస్తే చూడదు. కోడలి గుట్టేదో తేల్చుకుందామని అత్త కూడా పడుతూ లేస్తూ వెంట వచ్చింది.

డాక్టరమ్మ ముగ్గురికీ రక్తం తీసింది, జుట్టు కత్తిరించి పరీక్షకు పంపింది.

"పిల్లదానికెందుకమ్మా ఇవన్నీ?" అంది అత్త. "దానిది వీళ్ల పుట్టింటివైపు అవకరం. ముందు ఈ కోడలి సంగతి చూడండి."

కోడలు తల దించుకుంది. ఆ మాట పడటం ఆమెకు కొత్త కాదు.

మళ్లీ రమ్మన్న రోజు ముగ్గురూ వెళ్లారు. డాక్టరమ్మ కాగితాలన్నీ చూసింది. పాపను అందుకుని ఒళ్లో పడుకోబెట్టుకుంది.

"చెప్పండమ్మా," కోడలు ఆత్రంగా ముందుకు వంగింది. "నన్ను కాపాడిందేమిటి? ఎంత కష్టమైనా సరే, అదే తెచ్చి మా ఆయనకూ ఇస్తాను."

"కడుపులో ఉన్నన్నాళ్లూ నీ ఒంట్లో విషాన్ని తన ఒంట్లోకి లాక్కుని నిన్ను కాపాడింది ఈ పాపేనమ్మా."