కుందారపల్లిలో ఆగిన జీపు

టీ తాగి వెనక్కి తిరిగేసరికి బస్సు లేదు. సర్టిఫికెట్ల సంచి చంకలో పెట్టుకుని కేశవులు కుందారపల్లి రోడ్డు మీద నిలబడిపోయాడు.

హోసూరులో కొత్త ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. పన్నెండింటికి ఫిట్టరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అనంతపురంలో పని పోయాక కృష్ణగిరిలో అత్తగారింట్లో తిని కూర్చుంటున్నాడు. ఇదీ పోతే ఆ గడప తొక్కే ముఖం లేదు.

కాస్త దూరంలో ఒక పాత జీపు. బానెట్ ఎత్తి ఉంది. రేడియేటర్ నుంచి ఆవిరి బుసలు కొడుతోంది. తెల్ల పంచె కట్టిన పెద్దమనిషి ఒకాయన లోపలికి తొంగిచూస్తూ చెయ్యి విదిలించుకుంటున్నాడు. మూత ముట్టుకుని కాల్చుకున్నట్టున్నాడు.

కేశవులుకు ప్రాణం లేచొచ్చింది. బండి బాగుచేస్తే హోసూరు దాకా ఎక్కించుకోడా!

"ఎప్పట్నుంచి ఇట్లా కాగుతాందన్నా?"

"నేను చూసినప్పట్నుంచీ ఇట్లే ఉందప్పా."

ఇన్నాళ్ళూ ఇట్లాగే తిప్పాడా మహానుభావుడు! కేశవులుకు బండి మీద జాలేసింది.

"ముందు నీళ్ళు కావాల."

ఆ పెద్దమనిషి పేరు అచ్చెన్న. వెనక సీట్లోని డబ్బా పట్టుకుని, పంచె ఎగ్గట్టి, తోటలోని బావి వైపు పరుగెత్తాడు.

కేశవులు చక్రం మీద చెయ్యి పెట్టాడు. చురుక్కుమంది. జాకీ వేసి ఎత్తితే చక్రం ఒక్క పిసరు తిరగలేదు.

"బ్రేకులు వదల్లేదన్నా! పట్టుకున్న బ్రేకులతోనే బండిని ఈడ్చుకొచ్చినారు. ఇంజన్ కాగకుండా ఏం చేస్తాది?"

"అయ్యో, ఎంత అన్యాయం!" అన్నాడు అచ్చెన్న, తెచ్చిన నీళ్ళు రేడియేటర్లో పోస్తూ, తనకేమీ సంబంధం లేనట్టు.

కేశవులుకు ఒళ్ళు మండింది. కానీ ఇంటర్వ్యూ గుర్తొచ్చి తమాయించుకున్నాడు.

సీటు కింద స్పానర్లు దొరికాయి. జీపు కిందికి దూరాడు. పెడల్ కడ్డీ బిగిసిపోయి, తొక్కిన బ్రేకు వెనక్కి రావడానికి సందే లేదు. దాన్ని వదులు చేశాడు. చక్రం దగ్గరి నట్టు విప్పగానే బ్రేకు ఆయిలు జివ్వున ముఖాన చిమ్మింది. నట్టు మళ్ళీ బిగించి చూస్తే చక్రం గిర్రున తిరిగింది. అచ్చెన్న చప్పట్లు కొట్టి, తన పంచె చెంగుతోనే అతని ముఖం తుడిచాడు.

"మీ చెయ్యి కాలింది కదా, నేను తోలేదా?" అన్నాడు కేశవులు.

"నువ్వు కాకపోతే ఇంకెవరు తోల్తారప్పా!"

"హోసూరుకేనా?"

"హోసూరుకే. పోనీ, పోనీ."

బండికే వేలాడుతున్న తాళంచెవి తిప్పి కేశవులు బయల్దేరాడు. శూలగిరి దిగువలో, ఆయిలు పోయిన బ్రేకు పెడల్ నేలకంటింది. ఎదురుగా గడ్డి బండి. కేశవులు గేరు దించి, పెడల్ మళ్ళీ మళ్ళీ తొక్కాడు. ఎద్దుల కొమ్ముల దగ్గర జీపు ఆగింది. అచ్చెన్న తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాడే తప్ప, బండి ఏమైపోతుందోనని ఒక్క మాట అనలేదు. ఎంత పెద్ద మనసు!

ఫ్యాక్టరీ దగ్గరికి రాగానే కాపలావాడు దూరం నుంచే జీపుకు సెల్యూట్ కొట్టి గేటు బార్లా తెరిచాడు. కేశవులు సీట్లో సర్దుకుని కూర్చున్నాడు. అచ్చెన్న మామూలు మనిషి కాదన్నమాట!

వరండాలో ఉద్యోగానికొచ్చిన వాళ్ళు బారుగా కూర్చున్నారు.

"ఇంటర్వ్యూలు అయిపోయినాయా?"

"యాడప్పా! పొద్దున జీపులో పోయిన మేనేజరు సారే ఇంకా రాలే."

కేశవులు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జీపు తాళంచెవి భక్తిగా అచ్చెన్న చేతిలో పెట్టబోయాడు.

అచ్చెన్న పుచ్చుకోకుండా రెండు చేతులూ జోడించి, "బస్సు తప్పిపోయి ఆడ దిక్కుతోచక నిలబడుకోనుంటే, ముక్కూ మొహం తెలియని నన్ను నీ జీపులో ఎక్కించుకొచ్చినావు, నీ బిడ్డలు చల్లగుండాలప్పా!" అన్నాడు.